పెబ్బేరు: కృష్ణకు ఉత్తరాన సంత ఊరు

పెబ్బేరు తెలంగాణ రాష్ట్రం వనపర్తి జిల్లాలోని చిన్న పట్టణం. అదే పేరుగల మండలానికి కేంద్రం. హైదరాబాదు నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, కొత్తకోట దాటాక, కృష్ణా నది ఇంకా రాకముందు ఈ ఊరు తగులుతుంది. హైదరాబాదు ఇక్కడికి సుమారు 155 కిలోమీటర్లు, కర్నూలు సుమారు 60 కిలోమీటర్లు. జిల్లా కేంద్రమైన వనపర్తికి అరగంట ప్రయాణం. కృష్ణ దాటితే గద్వాల జిల్లా. అటు కృష్ణకూ ఇటు తుంగభద్రకూ నడుమ ఉన్న ఆ నేలను ఇక్కడివాళ్లు నడిగడ్డ అంటారు. హైదరాబాదు వైపు నుంచి వచ్చేవారికి నడిగడ్డకు వాకిలి పెబ్బేరే.

చుట్టుపక్కల ఊళ్లకు ఒక్కోదానికి ఒక్కో ఘనత ఉంది. వనపర్తికి రాజమహలు, గద్వాలకు కోటా చీరా, శ్రీరంగాపురానికి రంగనాయకస్వామి గుడి, బీచుపల్లికి ఆంజనేయుడు, ఆలంపురానికి జోగులాంబ. పెబ్బేరుకు అలాంటి కట్టడం లేదు, రైలు స్టేషను లేదు, ఏ రాజూ దీన్ని రాజధాని చేసుకోలేదు. అయినా పాలమూరు (మహబూబ్‌నగర్), కర్నూలు, రాయచూరు పల్లెల్లో పశువులు ఉన్న ఇంట్లో అడిగి చూడండి, పెబ్బేరు తెలియని రైతు అరుదు. ప్రతి శనివారం ఇక్కడ జరిగే సంత ఆ పేరును ఇంటింటికీ చేర్చింది. ఊరిని ఊరుగా నిలిపింది కూడా ఆ సంతే. ఈ వ్యాసంలో సంతకు ఎక్కువ చోటు దక్కడానికి కారణం అదే.

నేల, వాన

పెబ్బేరు సుమారుగా 16 డిగ్రీల 13 నిమిషాల ఉత్తర అక్షాంశం, 77 డిగ్రీల 59 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఉష్ణమండలపు మెట్ట ప్రాంతం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. వాన చాలావరకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్లే పడుతుంది. పాత పాలమూరు జిల్లా మొత్తానికి ఏడాది సగటు వర్షపాతం 600 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పడమటి కనుమలు మబ్బుల్లోని తడిని ముందే పిండుకోవడంతో ఇక్కడికి వచ్చేది వాటి మిగులే. ఆ మిగులు కూడా వేళకు రాదు. మృగశిర కార్తెలో దుక్కి తడిస్తే సంతోషం, ఆరుద్ర కూడా ఒట్టిపోతే ఆ ఏటి లెక్క మారిపోతుంది.

ఊరి చుట్టూ ఎక్కువగా ఎర్ర చల్క నేలలు. నది దిక్కుగా పోయేకొద్దీ నల్లరేగడి కనిపిస్తుంది. చల్కలో నీరు నిలవదు గానీ వేరుశనగకు అది బాగా ఒప్పుతుంది. కాయ ఊరడానికి నేల మెత్తగా ఉండాలి, పీకేటప్పుడు కాయ మట్టిలో తెగిపోకూడదు. రెండూ చల్కలో కుదురుతాయి. వానాకాలంలో జొన్న, కంది, ఆముదం, పత్తి వేస్తారు. వానలు వెనక్కి మళ్లుతుండగా, సెప్టెంబరు చివర నుంచి బావుల కింద, కాల్వల కింద యాసంగి పల్లి వేస్తారు. వనపర్తి ప్రాంతపు పల్లికి వ్యాపారుల్లో మంచి పేరుంది. గింజకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరితే విదేశీ కొనుగోలుదారు సరుకు తిప్పి పంపుతాడు. పొడి వాతావరణంలో పండి, ఎండి, ఇంటికి చేరే యాసంగి పల్లికి ఆ భయం తక్కువ. వానకు కరువైన ప్రాంతానికి ఆ కరువులోంచే దక్కిన లాభం ఇది. కాల్వ నీళ్లు వచ్చాక మాత్రం వరి బాగా పెరిగింది. ఎకరాలకు ఎకరాలు ఒకే పంటకు మళ్లడం మంచిది కాదని వ్యవసాయం తెలిసినవాళ్లు చెబుతూనే ఉన్నారు. అయితే కొనే నాథుడు ఖాయంగా ఉన్న పంట వరి ఒక్కటే అయినప్పుడు రైతును తప్పుపట్టలేం.

సంస్థానం నీడలో

పెబ్బేరు చరిత్ర వనపర్తి సంస్థాన చరిత్రలో కలిసి ఉంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ సంస్థానం పుట్టి పెరిగిన నేల ఇప్పటి పెబ్బేరు, శ్రీరంగాపురం మండలాల్లోనే ఉంది. జనుంపల్లి వంశానికి చెందిన వీరకృష్ణారెడ్డి 16వ శతాబ్దం తొలినాళ్లలో పాతపల్లికి వచ్చి స్థిరపడ్డాడని సంస్థాన చరిత్రకారులు రాశారు. పాతపల్లి నేటికీ పెబ్బేరు మండలంలోని గ్రామం. తరువాత వాళ్ల కేంద్రం సూగూరు అయింది. అదీ పెబ్బేరు మండలమే. అందుకే వనపర్తి సంస్థానాన్ని చాలాకాలం సూగూరు సంస్థానం అని పిలిచారు. సూగూరు పేరుతో నాణేలు కూడా అచ్చయ్యాయి. ఆ తరువాత శ్రీరంగాపురం, ఆఖరికి వనపర్తి రాజధాని అయ్యాయి. ఇలా రాజధాని ఊరి చుట్టూ నాలుగుచోట్ల విడిది చేసింది గానీ పెబ్బేరులో దిగలేదు.

గోల్కొండ కుతుబ్‌షాహీలకూ, ఆ తరువాత నిజాములకూ కప్పం కడుతూ ఈ వంశం నూటికి పైగా గ్రామాలను పాలించింది. 19వ శతాబ్దపు రాజా రామేశ్వరరావు కొలువులో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల అశ్వదళం ఉండేది. అది తరువాత నిజాం సేనలో చేరింది. హైదరాబాదులో మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ బస్తీకి ఆ పేరు ఈ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్లే వచ్చింది. పాలమూరు మెట్టకూ ఆఫ్రికాకూ మధ్య ఇంత చుట్టరికం ఉందని ఏసీ గార్డ్స్‌లో బస్సు దిగేవాళ్లలో ఎందరికి తెలుసు?

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. చివరి పాలకుడు జె. రామేశ్వరరావు దౌత్యవేత్తగా పనిచేసి, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికై, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపాడు. వనపర్తి రాజమహలును పాలిటెక్నిక్ కళాశాలకు ఇచ్చారు. దానిని 1959లో ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. అంతకుముందు 1952లో, హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు జరిగిన మొదటి ఎన్నికల్లో, వనపర్తి స్థానం నుంచి గెలిచినవాడు సురవరం ప్రతాపరెడ్డి. కృష్ణకు అవతలి నడిగడ్డ మనిషి. గోలకొండ పత్రిక నడిపినవాడు, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను తెచ్చినవాడు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు, ఆయన కన్నుమూశాక, 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొదటి పుస్తకం అదే. రాజుల కథ కన్నా జనం తిండి, బట్ట, ఆట, బేరం ముఖ్యమని నమ్మి చరిత్ర రాసిన మనిషిని అసెంబ్లీకి పంపిన ప్రాంతమిది. ఆ సంగతి ఇక్కడి బడిపిల్లలకు పాఠంగా చెప్పదగ్గది.

చెరువులు, కాల్వలు

సంస్థానాధీశులు చేసిన పనుల్లో ఇప్పటికీ జనానికి అక్కరకొస్తున్నవి చెరువులు. వాళ్లు తవ్వించిన పెద్ద చెరువులను సప్త సముద్రాలు అంటారు. శ్రీరంగాపురం గుడిని ఆనుకొని ఉన్న రంగసముద్రం వాటిలో ఒకటి, కొత్తకోట దిక్కున ఉన్న శంకరసముద్రం మరొకటి. పెబ్బేరు ఊరికి మహాభూపాల చెరువు ఉంది. కొండ నుంచి దిగే ప్రతి వాగుకూ అడ్డంగా ఒక కట్ట, ఒకటి నిండితే అలుగు పారి కిందిదానికి నీళ్లు. మెట్ట తెలంగాణ వందల ఏళ్లు బతికింది ఈ పద్ధతి మీదే.

కొత్తకోట దగ్గరి సరళాసాగర్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. చివరి పాలకుడు జె. రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరున తలపెట్టిన ఈ ప్రాజెక్టుకు 1949లో పునాది పడింది, 1959లో పూర్తయింది. దీనికి సైఫన్ పద్ధతి ఉంది. నీరు ఒక మట్టం దాటగానే మనిషి చేయి పడకుండా గాలి ఒత్తిడి తేడాతోనే సైఫన్లు తెరుచుకొని వరదను కిందికి వదులుతాయి. మట్టం తగ్గగానే వాటంతటవే ఆగిపోతాయి. అప్పట్లో మన దేశంలో ఇది చాలా అరుదైన పని. చాలా ఏళ్ల తరువాత నిండిన ప్రాజెక్టుకు 2019 డిసెంబరు 31న కట్ట తెగింది. తరువాత కట్టను మళ్లీ కట్టారు.

ఇంత చెప్పినా, పెబ్బేరు పల్లెల పెద్ద కొరత నీళ్లదే. పది కిలోమీటర్ల దూరంలో కృష్ణ పారుతుంటే ఇక్కడి మనుషులు తట్టా పారా పట్టుకొని దేశమంతా ఆనకట్టలు కట్టడానికి పోయారు. పాలమూరు లేబర్ అన్న మాట దేశంలో ఏ ప్రాజెక్టు దగ్గరైనా వినిపించేది. ఊళ్లో ముసలివాళ్లూ, బడికి పోని పిల్లలూ మిగిలేవారు. నది లోతుగా, నేల ఎత్తుగా ఉండటం ఒక కారణం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు హైదరాబాదు రాజ్యం తలపెట్టిన కాల్వలు కర్ణాటక సరిహద్దులో ఆగిపోవడం రెండో కారణం. బచావత్ ట్రిబ్యునల్ ఈ నష్టాన్ని గుర్తించి 1973 తీర్పులో జూరాలకు 17.84 టీఎంసీల నీళ్లు ప్రత్యేకంగా కేటాయించింది. అయినా జూరాలకు శంకుస్థాపన జరిగింది 1981లో, కాల్వలకు నీళ్లు పారింది 1990ల నడిమిలో. ఒక తరం రైతులు ఆ ఎదురుచూపులోనే ముసలివాళ్లయ్యారు.

ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు ఎడమ కాల్వ ఆత్మకూరు మీదుగా పెబ్బేరు, వీపనగండ్ల దిక్కుకు వస్తుంది. రెండు కాల్వల కింద కలిపి ఆయకట్టు సుమారు లక్ష ఎకరాలు. ఆ తరువాత భీమా ఎత్తిపోతల వచ్చింది. దానికి కేటాయింపు 20 టీఎంసీలు, లక్ష్యం 2 లక్షల పైచిలుకు ఎకరాలు. దాని రెండో దశలో రంగసముద్రం, శంకరసముద్రం మళ్లీ పనిలోకి వచ్చాయి. మోటార్లు ఎత్తిపోసిన నీళ్లను నిల్వ చేసి కాల్వలకు వదిలే జలాశయాలుగా వాటిని పెంచారు. పాత రాజులు వాన నీళ్లకు కట్టిన చోటే కొత్త ప్రభుత్వం నది నీళ్లను నింపింది. చోటు ఎంపికలో పాతవాళ్ల చూపు ఎంత సరిగ్గా ఉందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

శనివారం సంత

పాలమూరులో ప్రతి పెద్ద ఊరికీ వారంలో ఒక సంత రోజు ఉంది. పక్కపక్క ఊళ్లకు ఒకే రోజు పడదు. వ్యాపారి ఈ రోజు ఒక చోట గుడారం ఎత్తి రేపు మరోచోట దించుకుంటాడు. పెబ్బేరుకు శనివారం. కూరగాయలు, మిరపకాయ, ఉప్పు చేప, బట్ట, తాడు, కొడవలి, కుండ అన్నీ దొరుకుతాయి. అవి ఏ సంతలోనైనా ఉంటాయి. పెబ్బేరుకు జనాన్ని దూరం నుంచి రప్పించేది పశువులు: ఎడ్లు, కోడెలు, ఆవులు, బర్రెలు, వాటికన్నా ఎక్కువగా గొర్లు, మేకలు. కర్నూలు దిక్కు నుంచీ కర్ణాటక నుంచీ బండ్లు వస్తాయి. మూడు రాష్ట్రాలు కలిసే మూలకు దగ్గరగా, హైదరాబాదు మాంసం మార్కెట్టుకు నేరుగా పోయే రోడ్డు మీద, నది దాటడానికి ముందు ఉండటం ఈ సంతకు కలిసొచ్చింది.

పశువును కొనడం ఒక చదువు. ముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. ఎద్దుకైనా గొర్రెకైనా పైదవడ ముందు భాగంలో పళ్లుండవు. కింది దవడలో నాలుగు జతలు, ఎనిమిది పళ్లు ఉంటాయి. పాలపళ్లు ఊడి జత తరువాత జతగా గట్టి పళ్లు వస్తాయి. కోడెకు మొదటి జత రెండు, రెండున్నర ఏళ్లకు వస్తే, నాలుగు జతలూ నిండేసరికి నాలుగున్నర నుంచి ఐదేళ్లు. రెండు పళ్లది, నాలుగు పళ్లది, ఆరు పళ్లది అని వయసును పళ్లతోనే చెబుతారు. నోరు నిండిన తరువాత ఇక అరుగుదల చూసి అంచనా వేయాల్సిందే. అక్కడే కొత్తవాడు మోసపోతాడు. గొర్రెకు ఈ లెక్క త్వరగా నడుస్తుంది. ఏడాది, ఏడాదిన్నరకే మొదటి జత వచ్చేస్తుంది.

తరువాత సుడులు చూస్తారు, గిట్టలు చూస్తారు, తోక ఎత్తి చూస్తారు, నడిపిస్తారు. సుడి ఎక్కడుంటే ఇంటికి మంచిది, ఎక్కడుంటే కీడు అనే నమ్మకం ధరను వేల రూపాయలు అటూ ఇటూ చేస్తుంది. జత ఎడ్లు కొనేవాడికి ఇంకో చిక్కుంది. కాడికి ఎడమ పక్క నడిచేది దాపటి ఎద్దు, కుడి పక్కది వలపటి ఎద్దు. చిన్నప్పటి నుంచి ఏ పక్క అలవాటైతే ఆ పక్కే లాగుతుంది. ఇంట్లో ఒక ఎద్దు చనిపోయి మరొకటి కొనుక్కోవడానికి వచ్చిన రైతుకు ఎత్తు, రంగు, నడక, పక్క నాలుగూ కుదరాలి. వారం వారం వచ్చి ఒట్టి చేతులతో పోయేవాళ్లు ఉంటారంటే ఆశ్చర్యం లేదు.

కొనేవాడికీ అమ్మేవాడికీ నడుమ దలారి ఉంటాడు. దక్కను సంతల్లో పాత పద్ధతి ప్రకారం బేరం నోటితో కాక చేతులతో నడుస్తుంది. తువ్వాలు కప్పి, దాని కింద ఇద్దరి వేళ్లూ మాట్లాడుకుంటాయి. ఏ వేలు ఎంత అనేది వాళ్లకు తెలుసు. చుట్టూ మూగినవాళ్లకు ధర తెలియదు, పక్క బేరం చెడదు. ఒప్పందం కుదిరితే కొంత బయానా చేతిలో పెడతారు. ఆ తరువాత పలుపు చేతులు మారుతుంది. సంతలో ప్రతి పశువుకూ కట్టించుకునే రుసుము తైబజారు. ఇలాంటి ఊళ్లలో తైబజారు వసూలు హక్కును ఏటా వేలం వేయడం ఆనవాయితీ. స్థానిక సంస్థకు పన్నుల కన్నా ఖాయమైన రాబడి అది.

పశువు రైతుకు నడిచే పొదుపు. బిడ్డ పెండ్లికో, ఆసుపత్రికో, బోరు వేయడానికో డబ్బు కావాల్సినప్పుడు బ్యాంకులో కాగితాలు అడుగుతారు, సంతలో పళ్లు మాత్రమే అడుగుతారు. అందుకే సంతలో ధరలు చూస్తే ప్రాంతం ఎలా ఉందో తెలిసిపోతుంది. ఏరువాకకు ముందు ఎడ్లకు గిరాకీ. పంట ఇంటికొచ్చాక, మేపడానికి గడ్డి లెక్కేసుకొని కొందరు అమ్మేస్తారు. బక్రీదుకు ముందు పొట్టేలూ మేకపోతూ బంగారమవుతాయి. దసరా, సంక్రాంతి, జాతరల రోజులూ అంతే. వాన ముఖం చాటేసిన ఏడు అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లుండరు. మేత లేక బక్కచిక్కిన జత వచ్చిన ధరకు పోతుంది. కరువు పత్రికల కంటే ముందు సంతకు వస్తుందని నా అభిప్రాయం.

గొర్ల సంగతి విడిగా చెప్పాలి. గొల్ల కురుమలు ఇక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. వెంట్రుకలుండే పొడుగుకాళ్ల నెల్లూరు జాతి మాంసానికి, ఉన్ని ఇచ్చే దక్కనీ నల్ల గొర్రె గొంగడికి. ఉన్నికి గిరాకీ పడిపోవడంతో దక్కనీ మందలు తగ్గి నెల్లూరు రకం పెరిగింది. ఎండాకాలంలో మందలు మేత వెతుక్కుంటూ నది వెంటా, కాల్వల వెంటా దూరాలు పోతాయి. కోసిన చేలల్లో రాత్రి మంద పెట్టించుకోవడానికి రైతులు కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తారు. పెంట ఎరువు రైతుకు, మేత మందకు. ఎవరూ కాగితం మీద రాసుకోని ఈ ఒప్పందం వందల ఏళ్లుగా చెల్లుతోంది.

2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. ధర లక్షా 25 వేలు, అందులో 75 శాతం రాయితీ. జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెల సంఖ్య 1 కోటి 91 లక్షలకు చేరి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2012లో అది 1 కోటి 28 లక్షలు. అదే 2017లో మే 23న కేంద్రం పశువుల సంతలపై కొత్త నియమాలు తెచ్చింది. సంతలో పశువును వధకు అమ్మకూడదన్న ఆ నియమాలపై జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటా స్టే కొనసాగించింది. ముసలి ఎద్దును ఏం చేయాలో తెలియని రైతుకు ఆ రెండు నెలలు ఎంత గుబులు పుట్టించాయో చట్టం రాసినవాళ్లు ఒకసారి సంతలో నిలబడి చూడాల్సింది. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్‌తో దేశంలో వారపు సంతలన్నీ మూతపడ్డాయి.

ట్రాక్టర్లు వచ్చాక కాడి ఎడ్లు తగ్గాయి. ఇది సంతకు పెద్ద మార్పే. కోడెల మైదానం చిన్నదై, జీవాల మైదానం పెరిగింది. అయితే జాతరల్లో బండలాగుడు పందేలు ఉన్నంతకాలం ఒంగోలు జాతి గిత్తకు మంచి ధర పలుకుతుంది. రెండెకరాల రైతుకు ఇప్పటికీ గుంటక తోలడానికి, పత్తి సాళ్లలో కలుపు తీయడానికి జత కావాలి. సాలు మధ్య ట్రాక్టరు దూరదు.

రోడ్డు

దేశంలోకెల్లా పొడవైన జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే ఈ 44వ నంబరుదే. 2010 దాకా పెబ్బేరు ముందు నుంచి పోయే ఈ రోడ్డు నంబరు 7. అందుకే పెద్దవాళ్లు ఇంకా సెవెన్ నంబర్ రోడ్డనే అంటారు. నాలుగు వరుసలైన తరువాత శాఖాపూర్ దగ్గర టోల్‌ప్లాజా వచ్చింది. పెబ్బేరు నుంచి ఒక దారి వనపర్తికి, మరొకటి శ్రీరంగాపురం, వీపనగండ్ల మీదుగా కొల్లాపూర్ దిక్కుకు పోతాయి. రహదారి మీదే దక్షిణంగా పోయి నది దాటితే ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాలకు దారి. రోడ్డు తెచ్చిన లాభం ఎంతో, దాని భయమూ అంతే. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట మండలం పాలెం దగ్గర బెంగళూరు నుంచి వస్తున్న వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. 45 మంది సజీవంగా కాలిపోయారు.

రైలుకు వనపర్తి రోడ్డు స్టేషనుకో గద్వాలకో పోవాలి. వనపర్తి రోడ్డు స్టేషను వనపర్తిలో లేదు, మదనాపురంలో ఉంది. కొత్తవాళ్లు టికెట్టు తీసుకునే ముందు ఇది తెలుసుకోవాలి. వనపర్తి మీదుగా గద్వాల నుంచి మాచర్లకు రైలుమార్గం కావాలన్నది ఈ ప్రాంతపు పాత కోరిక.

చూడదగ్గవి

శ్రీరంగాపురం పెబ్బేరుకు సుమారు పది కిలోమీటర్లు. 18వ శతాబ్దంలో వనపర్తి పాలకులు కట్టించిన రంగనాయకస్వామి ఆలయం మూడు వైపులా నీళ్లతో రంగసముద్రం ఒడ్డున నిలిచి ఉంటుంది. గుడి పక్క నీటిని రత్నపుష్కరిణి అని కూడా అంటారు. చెరువు నిండిన ఏడు గాలిగోపురం నీడ అలల మీద పడే దృశ్యం చూసి తీరాల్సిందే. సినిమావాళ్లు కెమెరాలతో వస్తూనే ఉంటారు. వనపర్తి రాజవంశపు మనుమరాలైన నటి అదితిరావు హైదరీ 2024 సెప్టెంబరులో నటుడు సిద్ధార్థను పెళ్లాడింది ఈ గుడిలోనే.

దక్షిణంగా పోతే కృష్ణ ఒడ్డున ఇటు పెబ్బేరు మండలపు రంగాపూర్, అటు బీచుపల్లి. బీచుపల్లి ఆంజనేయస్వామికి ఇరువైపులా భక్తులున్నారు. కొత్త వాహనం కొన్నవాళ్లు తొలి పూజకు ఇక్కడికే తెస్తారు. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరాలకు రంగాపూర్, బీచుపల్లి ఘాట్లకు జనం పోటెత్తారు. అదే నది 2009 అక్టోబరు మొదటి వారంలో మరో రూపం చూపింది. కృష్ణ, తుంగభద్ర రెండూ ఒక్కసారే పొంగి కర్నూలును, ఆలంపురాన్ని ముంచాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చింది. నది ఒడ్డు పల్లెల్లో ఆ నీటి మట్టాన్ని గోడ మీద వేలు పెట్టి చూపించగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు.

పాలన

వనపర్తి తాలూకాలో ఉన్న పెబ్బేరు 1980ల నడిమిలో మండల వ్యవస్థ వచ్చినప్పుడు మండల కేంద్రమైంది. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. అప్పుడే శ్రీరంగాపురం విడి మండలమైంది. సూగూరు, పాతపల్లి, యాపర్ల, గుమ్మడం, కంచిరావుపల్లి, చెలిమిళ్ళ, బూనాదిపురం, తోమాలపల్లి, శాఖాపూర్, రంగాపూర్ వంటి గ్రామాలు పెబ్బేరు మండలంలో మిగిలాయి. 2018లో పెబ్బేరు పురపాలక సంఘమైంది. 2020 జనవరిలో మొదటి ఎన్నికలు జరిగాయి. వనపర్తి, కొత్తకోట, ఆత్మకూరు, అమరచింతలతో కలిపి జిల్లాలో పురపాలక సంఘాలు ఐదు. శాసనసభకు ఇది వనపర్తి నియోజకవర్గం, లోక్‌సభకు నాగర్‌కర్నూల్. పిన్‌కోడ్ 509104.

చేపల కళాశాల

పెబ్బేరుకు ఇటీవల దక్కిన పెద్ద సంస్థ మత్స్య విజ్ఞాన కళాశాల. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం దీన్ని 2017లో ప్రారంభించింది. ఉమ్మడి రాష్ట్రంలో ఈ చదువు కావాలంటే నెల్లూరు జిల్లా ముత్తుకూరు పోవాల్సి వచ్చేది. తెలంగాణకు సముద్రం లేదు కదా, చేపల చదువెందుకని అడిగినవాళ్లు లేకపోలేదు. ఊరూరా చెరువున్న రాష్ట్రానికి, కృష్ణా గోదావరులున్న రాష్ట్రానికి అది అడగాల్సిన ప్రశ్న కాదు. పెబ్బేరును ఎంచుకోవడంలోనూ అర్థముంది. పక్కన నది, రంగసముద్రం, జూరాల, రామన్‌పాడు, కాల్వల కింద నిండే చెరువులు, వాటి మీద బతికే ముదిరాజులు, గంగపుత్రులు. బొచ్చ, రవ్వు, బంగారుతీగ ఎలా పెంచాలో, రాష్ట్ర చేపైన కొర్రమట్టను ఎలా కాపాడుకోవాలో నాలుగేళ్ల డిగ్రీలో నేర్పుతారు. ఆ చదువు తరగతి గది దాటి కట్ట మీదికి రావాలి. చేపపిల్లను చెరువులో వదలడానికి సరైన అదను నీళ్లు నిండుతున్న ఆగస్టు, సెప్టెంబరు నెలలు. అప్పుడు వదిలితే ఎండాకాలం వలలు వేసేనాటికి కిలో దాకా ఎదుగుతుంది. చిన్న సైజు పిల్లలు వదిలినా, రెండు నెలలు ఆలస్యమైనా సగం పెద్ద చేపలకే మేత. పెబ్బేరు చుట్టుపక్కల సంఘాలవాళ్లు ఏటా ఆ వదిలే తేదీ కోసం చూస్తారు. ఆ తేదీని జూరాల ఎడమ కాల్వకు ఎప్పుడు నీళ్లు వదిలారన్నదే నిర్ణయిస్తుంది.